దోమ పాత్రలో ఎర్సీలియా

కొమాక్యోలో ఫైరింజన్ల షెడ్డు.
ఎర్ర బండిని వీధిలోకి తోసి
లోపల నూట పది కుర్చీలు వేశారు,
సగం చర్చివి, సగం ఐస్‌క్రీమ్ కొట్టువి.
కాలువల మీద ఆగస్టు రాత్రి
పిండని గుడ్డలా వేలాడుతోంది.
పియానో ముందు మా మేనత్త నీవెస్.
పక్కన నేను, పేజీలు తిప్పేవాణ్ణి.
నాకొచ్చిన సంగీతమల్లా
ఆమె గడ్డం ఎప్పుడు ఊపుతుందో కనిపెట్టడమే.

ఎర్సీలియాకి డెబ్భై తొమ్మిది.
ఒరెస్తెకి ఎనభై రెండు, ఒప్పుకున్నంతవరకు.
ముప్ఫై ఏళ్లు ఒకే వేదికలెక్కారు.
ఆమెను అతను పొడిచాడు, విషం పెట్టాడు,
కోటగోడ మీంచి తోయించాడు,
అన్నీ కలిపి ఇరవై రెండు చావులని అత్త లెక్క.
జెనోవాలో ఒకసారి పొరపాటున
నిజంగానే కాలు తొక్కాడు.
చావులన్నీ క్షమించింది.
కాలు సంగతి ఇంకా తేలలేదు.

ఈ రాత్రి అతను నిద్రపోయే పెద్దమనిషి.
ఆమె దోమ.
పాటలో మాటల్లేవు,
ఒక గొంతుకి గురక, ఒక గొంతుకి గుయ్ గుయ్.
ఎవరు కట్టారంటే ఇద్దరూ చెప్పరు.
రైలు తప్పిపోయిన ఏ స్టేషన్లోనో
ఆకలి మీద పుట్టి ఉంటుందని అత్త అనుమానం.

టోపీ ముఖం మీదికి లాక్కుని, దుప్పటి కప్పుకుని
పాతాళంలోంచి ఒక గురక తోడాడు ఒరెస్తె.
నా అరికాళ్లకి ముందు తెలిసింది, చెవులకి తరవాత.
ఊపిరి ఎక్కడ పీల్చాడో కనపడనివ్వడు,
పాత పనివాడు.

ఆమె చెప్పులు విప్పేసి వచ్చింది.
ఒకప్పుడు ఆ గొంతు
పై అంతస్తులో, స్తంభం వెనక,
టికెట్టు లేకుండా దూరినవాడి రొమ్మునీ తట్టేదట.
కండంతా కరిగిపోయి
ఇప్పుడు సూదికెక్కించే దారం మిగిలింది.
పత్రికలో ఎవరో అలాగే రాస్తే
ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుంది.
అదే దారం ఇవాళ గాల్లో మెలి తిరిగి
అతని ఎడమ చెవి దగ్గర ఆగి, ఆలోచించి,
కుడి చెవికి పోయింది.
ముందు వరసలో పాము చేపలు పట్టే ముసలాయన
తనకు తెలీకుండానే మెడ మీద చరుచుకున్నాడు.
షెడ్డంతా విరగబడి నవ్వింది.
దీనికోసమే ఇన్నాళ్లూ సన్నబడ్డానన్నట్టు
ఎర్సీలియా కనుబొమ ఎగరేసింది.

కుట్టింది.
ముక్కు మీద, మెడ మీద, బట్టతల మీద.
అతను కొట్టాడు, తన చెంపే. మళ్లీ కొట్టాడు, తన తొడే.
పళ్ల సెట్టు కదిలితే నాలుకతో తోసుకున్నాడు,
ఆ టిక్కు కూడా తాళంలోనే పడింది.

చివరి పేజీ.
రాసుకున్న ప్రకారం ఒక్క దెబ్బ పడాలి, దోమ చావాలి,
ఆమె వెల్లకిలా పడి ఎడమ కాలు రెండుసార్లు తన్నుకోవాలి.
ఆ కాలు కోసమే జనం వస్తారు.
ఒరెస్తె చెయ్యెత్తాడు.
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.
అత్త చివరి సంగతినే తిప్పి తిప్పి వాయిస్తోంది.
"కొట్టు," అంది ఎర్సీలియా, పెదవి కదపకుండా.
"కొట్టరా ముసలోడా."
"ఇరవై రెండయ్యాయి," అన్నాడు టోపీ కిందినుంచి.
"చెయ్యి నొప్పెడుతోంది."
మరిచిపోయాడో, మొండికేశాడో,
చెయ్యి దించి, దుప్పటి లాక్కుని,
మళ్లీ గురక.

చావు కోసం దాచిన ఊపిరి
దోమ గుండెల్లోనే ఉండిపోయింది.
కాసేపు నిలబడి చూసింది.
అతని భుజం మీద వాలింది.
దారాన్ని దించుతూ దించుతూ తెచ్చి
ఆ గురక పక్కన పెట్టింది.
అత్త చేతులు మీటల మీంచి తీసేసింది.
కాలువలో తాడు విప్పిన రెండు పడవల్లా
అవి పక్కపక్కనే కొంతదూరం పోయాయి.
నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు,
కాస్త మెల్లగా.

తిప్పడానికి పేజీల్లేవు.
వెనక అట్టని రెండు చేతులతో పట్టుకుని నించున్నాను.
అప్పుడు వాలింది ఒకటి, అసలుది,
నా మోచేతి మీద.
కుట్టనిచ్చాను.