నాలుగు గుడ్డలు

అన్ని బస్సులు తెల్లగనే ఉంటయి కువైట్ల.
దస్తగిరి బస్సును మాత్రం
సందు మలుపుల ఉండంగనే గుర్తుపడుదుం.
మొగులు లేని ఊళ్లె
దాని వెనుక ఒక్కటే నల్ల మొగులు.

"సిక్స్త్ రింగ్ రోడ్డు ఎక్కితే సచ్చిపోతాండాదబ్బా,
బిర్యానీ తెచ్చే బైకోడు గూడా
నన్ను చూసి నవ్వి పోతాండాడు" అన్నడు.
ముప్పై మందిని సైటు మీద దింపి వచ్చిండు,
నాలుగింటికి మళ్ల తేవాలె.

మేనేజర్ కుర్చీల నుంచి లేవలేదు:
"ఆ వాల్వుకు రేకు ముక్క అడ్డం పెట్టు,
అర్ధగంట పని."
మసిపూసి మారేడుకాయ చేసుడు
ఈ షువేక్ రేకుల కింద
పదమూడేండ్ల సంది చూస్తున్న.
ఉస్తాద్ జర్వలీ ఏమనలే.
పన్నెండో నంబరు పానా నా చేతుల పెట్టి
చాయ్ తాగ వోయిండు.
నాకు అర్థమైంది.

విప్పిన.
బొటనవేలు పట్టాల్సిన తొవ్వ
పెన్సిలు పట్టేంత మిగిలింది.
పొడి మసి గాదు,
నూనె ఆవిరి తాగి తాగి ముద్దగట్టిన మసి,
అడుగంటిన నువ్వుల పాకం లెక్క.

"ఇదేంటన్నా, ఇంత పొగ లోపలికెలా వెళ్లిందండీ?"
ఏసుపాదం. కోనసీమ పిల్లగాడు,
వచ్చి నలభై రోజులు.
ఇంజన్ తను ఇడిసిన పొగనే
కొంచెం కొంచెం మళ్ల పీలుస్తదిరా, అన్న.
ఎందుకని?
మంట మరీ మండకుంట.
గాలికి మంచిది, దానికే చెడ్డది.
తల ఊపిండు. ఏం ఎక్కిందో.

నాలుగు సిలిండర్లు, నాలుగు నోర్లు.
గులాబి పూల పాత దుప్పటి చింపి
నాలుగు గుడ్డలు కుక్కిన.
ఒక్క పెళ్ల లోపల పడ్డా
వాల్వు కింద ఇరుకుతది.
"లెక్క మర్వకు. నాలుగు."

పాలపొడి డబ్బాల డీజిలు పోసి
వాల్వును నానేసిన.
కొయ్య పుల్లతో గీకుడు, టూత్‌బ్రష్‌తో తోముడు,
స్ప్రే కొట్టుడు, గాలి కొట్టుడు,
మళ్ల గీకుడు.
వంపు తిరిగిన కాడ నా చెయ్యి దూరలే.

చిన్నప్పుడు మా ఇంట్ల
కందిలి గ్లాసు తుడుసుడు నా పని.
బూడిద, పాత బనీను.
చెయ్యి సన్నగున్నదని నాకే ఇచ్చేది.
ఒక ఎండకాలం గ్లాసుల నా చెయ్యి ఇరికింది,
పని తమ్మునికి పోయింది.
ఎంత ఏడ్చిన్నో, ఇప్పుడు నవ్వొస్తది.

"ఏసుపాదం, నీ చెయ్యి పెట్టు."
మోచేతి దాక పెట్టిండు.

మూడున్నర.
కొత్త గ్యాస్కెట్లు, ఆఖరి బోల్టు బిగించినంక
గుడ్డలు లెక్కపెట్టిన.
మూడు.

మళ్ల లెక్కపెట్టిన.
మూడే.

వీపు మీద చెమట సల్లబడ్డది.
దస్తగిరి గడియారం దిక్కు చూస్తున్నడు.
ఒక్క మాట అనకుంట బోల్టులన్నీ మళ్ల విప్పిన,
ఒక్కో నోట్లె టార్చి పెట్టి చూసిన,
వేలు పెట్టి తడివిన.
శుభ్రంగ ఉన్నయి. అద్దం లెక్క ఉన్నయి.
గుడ్డ లేదు.

అప్పుడు వచ్చిండు ఏసుపాదం
నీళ్ల సీసా పట్టుకొని.
మొఖమంత మసి, పండ్లొక్కటే తెలుపు,
మెడ చుట్టూ గులాబి పూలు.
"చెమటండీ అన్నా, తుడుచుకుందామని..."

జర్వలీ నవ్వంగ
ఈ ఏడు గదే మొదటిసారి చూసుడు.
చాయ్ మీద పడ్డా ఆగలే.
తిట్టుదామని నోరు తెరిచిన నేను గూడ
స్టాండు మీద కూలబడ్డ.

తాళం తిప్పితే
మొదటి దగ్గు గోడంత నల్లగ చేసింది.
రెండోది బూడిద రంగు.
తర్వాత ఏమీ రాలే.
దస్తగిరి అద్దంల ఎనుకకు చూసిండు, దిగి చూసిండు,
సైలెన్సర్ కాడ అరచెయ్యి పెట్టి చూసిండు.
"నడుస్తాండాదా ఇది?" అన్నడు.

తెల్లారి హాజరు మెషిన్ల వేలు పెడితే
ఎర్రలైటు. మళ్ల పెట్టుమన్నది అరబీల.
నిమ్మతొక్కతో రుద్దిన, ప్యాంటుకు రాసిన,
నాలుగోసారికి ఒప్పుకున్నది.
బయట రోడ్డు మీద బస్సులు పోతున్నయి,
ఒకటి వెనుక ఒకటి, అన్ని తెల్లగ.
దస్తగిరి ఎందుల ఉన్నడో
తెలువలే.