పిసుకుతున్నానుగా

మిసెస్ థర్కెటిల్‌కి మొగుడు లేడు.
ఏనాడూ లేడు.
వంటింటి పెత్తనం చేతికొచ్చిన రోజు
తాళాల గుత్తితో పాటు
ఆ మాటనీ ఆమె నడుముకి తగిలించారు, అంతే.

తోక వెనక కదా ఉండాలి,
ఈ ఇంగ్లండులో పేరుకి ముందుంటుందేమిటో!
అరవై ఏళ్ల తోటమాలి ఉత్త పాస్క్.
ముక్కు తుడుచుకోవడం రాని ఏడేళ్లవాడు
మాస్టర్ లయొనెల్.
దొరగారి తమ్ముడి ఉత్తరాల మీద, పేరు చివర, ఎస్క్వైర్:
డాలు మోసేవాడని అర్థమట.
ఆయన గొడుగే ఇంకొకరు మోయాలి.

నేను డ్రుసిల్లాని.
ఆ ఇంట్లో గిన్నెలు తోమే పిల్ల ఎవరైనా ఎమ్మాయే.
నా ముందు ఎమ్మా, ఆ ఎమ్మాకి ముందు ఎమ్మా.
గిన్నెలకి తేడా తెలియదు.

జనాభా లెక్కల రాత్రి
నార్ఫోక్ వాన కిటికీల్ని కడుగుతుంటే
పిల్లల పంతులు ఇంగోల్డ్‌బీ కాగితం పట్టుకుని కిందికొచ్చాడు.
సగం పనికి, సగం పొయ్యి వెచ్చదనానికి.

"పూర్తి పేరు?"
"కెజాయా థర్కెటిల్."
ఆరేళ్లు ఆమె ఉప్పు తిన్నాను,
ఆ పేరు వినడం అదే మొదలు.
"పెళ్లి?"
మోచేతుల దాకా పిండి.
"కాలేదు."
కలం ఆగింది. పొయ్యిలో బొగ్గు చిటపటమంది.

"నీ పేరు?" అన్నాడు నా వైపు తిరిగి.
అలవాటుగా ఎమ్మా అనబోయాను.
"డ్రుసిల్లా అని రాయండి" అంది ఆమె, తల ఎత్తకుండానే.
కాగితం మడిచాక మళ్లీ ఎమ్మానే అనుకోండి.

పాపం, మనసు నొప్పించానని కాబోలు
పంతులు చదువంతా బయటికి తీశాడు.
మిసెస్ అంటే పెళ్లాం కాదట,
మిస్ట్రెస్, పెత్తనం చేసే మనిషి.
ఒకప్పుడు మొగుడి ఊసే అక్కర్లేదట.
మిస్ కూడా ఆ మాట విరిగిన ముక్కేనట.
"నా మిస్టరూ, పైనున్న మాస్టరూ ఒక కడుపున పుట్టినవే"
అని నవ్వబోయి తుమ్మాడు.

"మరి లేడీ?" అన్నాను నేను.
"అదా... చాలా పాతది.
రొట్టె పిసికే ఆమె అని.
లార్డ్ అంటే రొట్టెకి కాపలా ఉండేవాడు."

ఎవరం మాట్లాడలేదు.
మిసెస్ థర్కెటిల్ ముద్దని తిప్పి బల్ల మీద ఒక్కటేసింది.
"ఈ లెక్కన" అంది నింపాదిగా,
"పైన పడుకున్నావిడ ఎవరు బాబూ?"

పంతులు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

అప్పుడే గోడ మీద పడగ్గది గంట కొట్టుకుంది.
ఒకసారి. కాస్సేపటికి మళ్లీ.
నేను తువాలు అందించాను.
తీసుకోలేదు.

"ఉండమను" అంది,
"పిసుకుతున్నానుగా."