ఒక యూరో వాకిలి

లిస్బన్‌లో జూన్ పన్నెండు రాత్రి
అల్ఫామా సందుల్లో నడవడమంటూ ఉండదు,
జనమే మనల్ని మోసుకుపోతారు.
ముందొక వీపు, వెనకొక బొజ్జ,
తలమీద రంగుకాగితాల తోరణాలు,
చెప్పుల కింద ఎవరిదో ఒలికిన బీరు.
గుమ్మం గుమ్మానికీ ఒక బొగ్గుల కుంపటి,
దానిమీద తలాతోకా తియ్యని సార్డీన్ చేపలు,
ఉప్పురాళ్లు చిటపటలాడుతుంటే
పొగకి కళ్లు నులుముకుంటూ నవ్వుతోంది ఊరు.

నేను ఓడ దిగి నాలుగు గంటలైంది.
తెల్లారి ఆరింటికల్లా మళ్లీ వంటగదిలో ఉండాలి,
ఆరొందల మందికి గుడ్లు కొట్టాలి.
ఈ ఊరి భాషలో నాకొచ్చిన మాటలు మూడు:
చేప, ఎంత, థాంక్స్.
ఇప్పుడు అర్జెంటుగా కావలసిన మాట
ఆ మూడింట్లో లేదు.

దేవుడి దయవల్ల ఒక గుమ్మానికి
అట్టముక్క వేలాడుతోంది, మీద బొమ్మ గీసి ఉంది.
మరుగుదొడ్డి. ఒక యూరో.
ముక్కాలిపీట మీద దోనా ఎర్మెలిందా,
ఒళ్లో బిస్కెట్ల డబ్బా, డబ్బాలో చిల్లర.
నా ముందు తొమ్మండుగురు.

ఆ రాత్రి నేను చూసిన పండగలో ముప్పాతిక
ఆ నడవాలోదే.
ఉతికి మడతపెట్టని దుప్పట్ల బుట్ట,
ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద మందుల చీటీ,
మేకుకి వేలాడుతున్న నల్ల గొడుగు.
పరాయివాళ్ల ఇల్లు కదా,
చూడనట్టు నటిస్తూ అందరం చూస్తున్నాం.

పొద్దున్నే పెళ్లయిన పిల్ల ఒకతి
తెల్లగౌను మోకాళ్లదాకా ఎత్తిపట్టుకుని వచ్చింది.
ఎవరూ చెప్పకుండానే అందరం గోడకి అతుక్కుని దారిచ్చాం.
పెళ్లికూతురి దగ్గర డబ్బు తీసుకోలేదు ఎర్మెలిందా.
పెళ్లికొడుకు దగ్గర తీసుకుంది.

గోడగూట్లో జానెడు సెయింట్ ఆంటోనీ,
మొహం గోడవైపుకి.
అదేమని సైగ చేస్తే
నా వెనక నిలబడ్డ తెల్మో అనే కుర్రాడు
చేతులతో సగం, ఇంగ్లీషుతో సగం చెప్పాడు:
పోయినవి వెతికిపెట్టడం ఈయన పని.
తాత చెవిమిషను పోయి మూడ్రోజులు.
దొరికేదాకా ఇంతే.
ఊరంతా తన పేరు చెప్పుకుని తాగుతుంటే
ఎక్కాలు రాని పిల్లాడిలా
గోడ చూస్తూ నిలబడ్డాడు పాపం.

సగం తెరిచిన తలుపు వెనక తాత.
బనీను, బక్క మెడ, మంచం పట్టె మీద కూర్చుని
అరచెయ్యి గోడకి ఆనించి ఉన్నాడు.
నొప్పేమో అనుకున్నా.
నన్ను చూసి, రమ్మని,
నా చెయ్యి తీసుకుని తన చెయ్యి పక్కన పెట్టాడు.
చల్లటి సున్నం. ఏమీ లేదు.
ఇంకాసేపు ఉంచాను.
అప్పుడొచ్చింది, అవతలి వీధిలో పోతున్న డప్పు,
మణికట్టులోంచి మోచేతి దాకా.
తాత నాలుగు వేళ్లు చూపించాడు.
నాలుగో మేళం కాబోలు.
అన్నీ లెక్కపెడుతున్నాడు.

తిరిగొచ్చేసరికి క్యూలో నా చోటు పోయింది.

పని ముగించుకుని బయటపడుతుంటే
ఎర్మెలిందా పీట పక్కన చిన్న కుండీ,
బంతిలా గుండ్రంగా పెరిగిన చిట్టి ఆకుల మొక్క,
మన తులసికి దూరపు చుట్టంలా ఉంది.
వంగి ముక్కు పెట్టబోయాను.
చెయ్యి మీద ఠపీమని ఒక్కటేసింది!
ముక్కు తగిలితే చచ్చిపోతుందట.
అరచెయ్యి ఆకులమీద ఆనించాలి,
ఆనక ఆ చెయ్యి వాసన చూసుకోవాలి.
చూపించింది. నేనూ చేశాను.
క్యూలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

అయిదున్నరకి ఓడ వంటగది.
నలభై అట్టల గుడ్లు.
గుడ్డు ముట్టుకునే ముందు చేతులు కడగాలని
తొట్టి పైన ఆరు భాషల్లో రాసి ఉంటుంది.
కొళాయి తిప్పి
సబ్బు ఎడమచేతిలో పట్టుకుని
కుడిచెయ్యి మొహం దగ్గర పెట్టుకున్నాను.
ఆకు, కొంచెం సున్నం, చేప.

చీఫ్ రెండోసారి కేకేశాడు.
కడిగేశాను.