ఇన్‌వర్డ్ నంబరు

నాకు జరమొచ్చి నలభై ఒక్క రోజు.
లెక్క నేనే పెట్టుకున్న,
పొయ్యి ఎనక గోడ మీద, బొగ్గుతోని.

బడి గేటు కాడ మోయినుద్దీన్ సారు అడ్డం నిలబడ్డడు.
మంచోడే. తల దించుకొనే అన్నడు:
"సూది కాయితం లేనోళ్లను రానియ్యొద్దన్నరు అండాలూ,
పైకెల్లి ఆర్డరు, నేనేం చెయ్యాలె."
పదకొండేండ్ల సంది
నూట ఎనభై మందికి ఎసరు పెట్టిన చేతులు
గేటు చువ్వలు పట్టుకొని ఊకున్నయి.

సూదే కద, ఏపిచ్చుకుంట అని
చండూరు దవాఖానకు పోతె
సుభాషిణి సిస్టరు రిజిస్టరు తిప్పి తిప్పి
నా పేరు మీద వేలు ఆపింది.
"నీకు మొన్ననే పాజిటివ్ గదనే!
మూడు నెల్లు నిండినంక రా."

ఎవరినని తిట్టాలె?
ఆయనదీ రూలే, ఆమెదీ రూలే.
నడుమ నేను
ఇసుర్రాయిల ఇరికిన జొన్నగింజను.

తెల్లారి నల్లగొండ బస్సెక్కిన.
గడియారం కాడ దిగి
అడుక్కుంట అడుక్కుంట జిల్లా ఆఫీసుకు చేరితె
పెద్దసారు మీటింగుల ఉన్నడు.
మీటింగు ఎప్పుడొడుస్తదో అటెండరుకు తెల్వదు.
బెంచీ మీద నా పక్కన ఒక ముసలాయన
సంకల ఎక్స్‌రే పెట్టుకొని నిద్రపోతున్నడు.
రెండు గంటలకు, అన్నం తిన్న చెయ్యి తుడుసుకుంట
క్లర్కు పిలిచిండు.

సారూ, నేను సూది వద్దనేటిదాన్ని కాదు.
మా అవ్వ నన్ను సంకనేసుకొని
రెండు కోసులు నడిచి ఏపిచ్చిన సూది మచ్చ
ఇగో, దండ మీద, పావలా బిళ్లంత.
నేనడిగేది ఒక్కటే.
రోగమొచ్చి పోయినోళ్లను ఆగుమన్నది మీ ఆఫీసే.
ఆగినోళ్లను పనిల పెట్టుకోవద్దన్నదీ మీ ఆఫీసే.
ఆ మూడు నెల్లు మేము ఏ ఖాతాల ఉంటం?
మినహాయింపని ఒక ముక్క ఎవరు రాస్తరు?
డాక్టరా, మీరా, సర్పంచా?
నెలకొచ్చేది మూడు వేలు,
అదీ నాలుగు నెల్లకొకసారి.
ఆగుమంటె ఆగుత, మరి కడుపు ఆగుతదా?

"దానికి రూలు ఇంక రాలేదమ్మా."
ఎప్పుడొస్తది?
"పైనుంచి రావాలె."

పైన, పైన.
మా అత్త బోరు నీళ్లు తాగీ తాగీ
నడుము వంగి, నేలను సూసుకుంటనే సచ్చిపోయింది.
ఆమెకు నలభై పర్సెంటు కాలేదన్నరు
ఇసొంటి టేబులు కాడనే.
ఇంకో రెండు పర్సెంటు వంగితె
పింఛనిస్తుంటిరి గావచ్చు.

ఆయన పెన్ను కింద పెట్టిండు.
"ఇప్పుడు పానం ఎట్లున్నది?" అన్నడు.
పొద్దుట్నించి ఆ మాట అడిగింది ఆయనొక్కడే.
నాకు గొంతు పట్టుకున్నది.
అంత మంచిగనే ఉన్నది సారూ,
వాసనే తెలుస్తలేదు.
వంటదాన్ని, వాసన లేకపోతె గుడ్డిదాన్నే.
నూనె కాగిందో లేదో
నా బిడ్డను పిలిచి అడుగుతున్న.

గట్లయితె ఒక పని చేయుండ్రి,
రూలు లేదని రాసియ్యుండ్రి.
గదన్న పట్టుకపోయి మా సారుకు సూపిస్త.

ఆయన నవ్వబోయిండు, నవ్వలేదు.
రూలు లేదని రాయనీకి కూడ రూలు లేదంట.
నా దరఖాస్తు తీసుకొని ముద్ర గుద్దిండు.
తారీఖు నిన్నటిది పడ్డది.
నాలిక కరుసుకొని, ముద్ర చక్రం గోటితోని తిప్పి
మళ్ల గుద్దిండు. ఇన్‌వర్డ్ నంబరు, 2318.
"ఇది జాగ్రత్త" అన్నడు,
అదేదో మందు బిళ్ల అయినట్టు.

నలభై మూడో రోజు
రెండు తారీఖులున్న కాయితం పట్టుకొని
మళ్ల గేటు కాడ నిలబడ్డ.
సారు సదివిండు. మలిపి సదివిండు.
"ఇండ్ల ఏమున్నదే?" అన్నడు.
నేనడిగిన సంగతున్నది సారూ అన్న.

లోపల నా కట్టెలపొయ్యి కాడ
కొత్తగొచ్చిన కౌసల్య వంగి ఊదుతున్నది.
పొగ అటు పోయింది, ఇటు తిరిగింది.
ఏందో ముక్కుల సన్నగ గుచ్చింది.
మొదలు నమ్మలేదు.
కండ్లు మూసుకొని మళ్ల పీల్చిన.

కౌసల్యా! మంట గుంజవే!
పప్పు అడుగంటుతున్నది!

సారు నన్ను సూసిండు, గుండును సూసిండు,
చేతిల కాయితం సూసిండు.
గేటు తీయలే.
లోపల గరిటె మాత్రం
గబగబ అడుగుదాక తిరుగుతున్న సప్పుడు.
మాడు వాసన పోయేదాక
నేనక్కడనే నిలబడి పీల్చిన.