పొదిగిన సీసా

మూత తిప్పే ముందు చేతులు సబ్బుతో కడుక్కోమన్నారు
మండలం ఆఫీసులో, శిక్షణ రోజున.
ఏ నీళ్లతో కడుక్కోవాలో చెప్పలేదు.

గీత దాకా నింపాలి.
దాటినా లెక్క తప్పు, తగ్గినా తప్పు.
అడుగునున్న పొడి
ముక్కుపొడుంలా కరిగి నీళ్లు గోధుమరంగయ్యాయి.
ఇక వెచ్చగా ఉంచాలి, ఒక పగలూ ఒక రాత్రీ.
పుష్యమాసం.
గెడ్డవలసలో వెచ్చగా ఏముంటుంది?
పొద్దుగూకితే పొయ్యి బూడిద.
మా అత్త దుప్పటి ఆవిడకే చాలదు.

గంప కింద పెట్ట పొదుగుతోంది.
పదకొండు గుడ్ల మధ్య
మూడు సీసాలు దూర్చాను.
ఒంటికన్నుతో నన్ను చూసింది,
ముక్కుతో వాటినీ లోపలికి జరుపుకుంది.

ఊళ్లో బోరింగులు మూడు.
రేషన్ షాపు దగ్గరది ఇనుప కంపు,
అన్నం ఎర్రబడుతుంది, పప్పు ఉడకదు,
తెల్లచీర జాడిస్తే తుప్పు మరకలు.
చెరుకుతోట దగ్గరది వేసవిలో గాలి కక్కుతుంది.
మూడోది గున్నమ్మప్ప బోరింగు.
టీ దాంతోనే పెట్టాలి. బాలింతకి దాంతోనే పొయ్యాలి.
"సక్కిరేసినట్టుంతాదే" అని
పక్కూరోళ్లు కూడా సైకిళ్లకి బిందెలు కట్టుకొస్తారు.

గున్నమ్మప్ప మొగుడు మద్రాసులో
నాలుగో అంతస్తు చెక్క మీంచి పడిపోతే
మేస్త్రీ ఇచ్చిన డబ్బుతో వేయించింది.
ఇల్లు కట్టుకోమన్నారందరూ.
"దాహం దాహమని పోయాడంట" అంది,
ఇంకేమీ అనలేదు.
గట్టు సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే
మేకుతో గీయించింది, కొర్ను దాలయ్య అని.
దీర్ఘం గట్టు అంచు దాకా పోయింది.

మర్నాడు సాయంత్రం గంప ఎత్తాను.
తుప్పునీళ్లు, అదే గోధుమరంగు.
గాలి కక్కే బోరింగు, అదే.
మూడోది
కాటుక.

చీటీలు తారుమారయ్యాయేమో,
మూత వదులేమో,
నా చేతులే సరిగా కడగలేదేమో.
మళ్లీ నింపాను. మళ్లీ పొదిగింది పాపం.
ఈసారి ఒక్క రాత్రికే నల్లబడింది.

ఎవరికీ చెప్పకుండా
బోరింగు దగ్గర్నించి అంగలేసి చూశాను.
పశువుల శాల నలభై. పెంటకుప్ప ముప్పై.
మరుగుదొడ్డి గొయ్యి తొమ్మిది.
ఆ మరుగుదొడ్డి
మాదే.
పోయినేడు కట్టాం. బిల్లు కోసం ఫొటో దిగాను,
తలుపు పట్టుకుని, నవ్వుతూ.

సీసా పట్టుకెళ్లి గున్నమ్మప్పకి చూపించాను.
గొయ్యి సంగతీ చెప్పాను.
సీసా ఎండలోకి ఎత్తింది.
"నీళ్లు తెల్లగున్నాయి గదే, మరిదేటి?"
"కంటికి కనపడనిది అప్పా."
చాలాసేపు తిప్పి తిప్పి చూసి
"అందులో కనపడనోడు మావోడొక్కడే అనుకున్నాను" అంది.

పంచాయతీ ఎర్రరంగు డబ్బా ఇచ్చింది.
గొట్టానికి రాశాను, పిడికి రాశాను.
గట్టు దగ్గర కుంచె ఆగింది.
"పేరు మీద కూడా రాసీ.
పిల్లలికి దూరంనించి కనపడతాది."
నేను పేరు వదిలి చుట్టూ రాశాను.
దీర్ఘం మీద ఒక చుక్క పడింది. తుడవలేదు.

గొయ్యి ఖాళీ చేయించి పూడ్చాం.
మా ఆయన పదిరోజులు మాట్లాడలేదు.
అత్త తుప్పునీళ్ల టీ ఓ గుక్క తాగి ఉమ్మేసి
మళ్లీ గ్లాసు చాపుతుంది.
పక్కూరి సైకిలొకటి మొన్న కూడా వచ్చింది,
కొత్త రంగేశారని మెచ్చుకున్నాడు.

గున్నమ్మప్ప రోజూ పొద్దున్న
ఇరవైసార్లు పిడి కొడుతుంది.
ఆ నీళ్లు ఆనపపాదుకి.
ఎందుకప్పా ఈ పని అంటే
"వాషరు ఎండిపోతాది" అంటుంది.

ఎండలొచ్చాయి.
తొమ్మిది పిల్లలు పెరటంతా గీరుతున్నాయి.
ఇప్పుడు సీసాకి పెట్ట అక్కర్లేదు, గూట్లో పెడితే చాలు.
నెలకోటి నింపుతున్నాను.
పోయిన నెలది నల్లబడటానికి రెండు రోజులు పట్టింది.
నిన్నటిది ఇంకా గోధుమరంగే.
గున్నమ్మప్ప కళ్లాపి చల్లడం మానేసి
గూటి ముందు కూచుంది.

ఇంకో పూట ఉంది.