కార్జం

గొర్రెను కోసిన ప్రతిసారీ
ముందు కార్జం తీసి అరచేతిలో పెట్టుకుంటాను.
తడిసిన గులకరాయిలా నున్నగా ఉంటే పొయ్యి మీదికి,
వేలికి గరుకు తగిలితే కుక్కలకి.

ఇవాళ నా వంతు.
గోబీ అంచున, జిల్లా ఆసుపత్రిలో
పక్కటెముకల సందున చల్లటి జిగురు రాసి
మరచెంబు మూతంత పరికరంతో
టక్ టక్ మని తలుపు తట్టింది డాక్టరమ్మ.
లోపల్నించి పద్దెనిమిది అని బదులొచ్చింది.
"గట్టిపడిపోయింది, అక్కా."

కాగితం నింపుతూ అడిగింది.
వోడ్కా?
వేలు ముంచి ఆకాశానికి చిలకరించేంత.
ఇంట్లో ఎవరికైనా?
అమ్మ. పొట్ట కుండలా ఉబ్బి పోయింది.
రక్తం ఎక్కించారా? లేదు.
సూదులు?

నవ్వొచ్చింది.
సూదులు వేసిందే నేను.
డెబ్బై ఎనిమిది చలికాలం,
ఒంటె మీద మందుల సంచి,
ఒకే ఒక్క గాజు సిరంజి, రెండు సూదులు.
పిడకల మంట మీద మంచుగడ్డ కరిగి
నీళ్లు మరిగేదాకా ఎవరాగారు?
గుడారం నిండా పిల్లలు, చొక్కా చేతులు పైకి మడిచి.
విటమిను. బలానికి.

వరండా బెంచీ మీద వరసగా వాళ్లే,
జుట్టు నెరిసి.
చిమిద్ కళ్లు పసుపు ముద్దలు.
వాడి చెల్లెలు పక్కకి జరిగింది:
"రా, సూదమ్మా, కూర్చో."

నాకెవరిచ్చారో, నేనెవరికిచ్చానో,
గాలి తోసిన మంచులో అడుగుజాడలు వెతకడమే.

రక్తం ఇచ్చొచ్చి
ఆమె మోచెయ్యి మడిచి పట్టుకుంది.
అడక్కుండానే నా చెయ్యి
జేబులో దూది కోసం తడుముతోంది.