ఆరడుగుల ఫిల్ము

అసలు సినిమాకి ముందు డాక్యుమెంటరీ వేసేవాళ్ళం.
అది బీడీల టైము.
నేలక్లాసు సగం లేచి బయటికి పోయేది.
ఆ వారం మాత్రం చాగల్లు టెంటులో ఎవరూ లేవలేదు.

కొత్త రైలు. అద్దాలు బిగించిన చల్లపెట్టెలు.
తెల్ల చేతిజోళ్ళవాడు గాజుగ్లాసులో నీళ్ళు పోస్తుంటే
ఒక్క చుక్క తొణకలేదు.
"లోపల చలేత్తదంట, దుప్పట్లు కూడా ఆళ్ళే ఇత్తారంట"
రోహిణి కార్తె ఉక్కలో
వీపుకంటిన చొక్కా పీక్కుంటూ ఎవరో అన్నారు.
తెర వెనకనించి రేడియో గొంతు:
"ప్రగతిపథాన పరుగులిడుతున్న..."
ఆ మాట అవకుండానే కాలువొచ్చింది.
మాకిక్కడ కట్టేసి నెలయింది, అందులో నిండుగా ఉంది.
గట్టు, అరటితోట, గేటు,
గేటు పక్కన జెండా ఎత్తి
నూకరత్నం.

నాలుగు సెకన్లు.
బొమ్మ నలుపూ తెలుపూ,
జెండా పచ్చదని మాకే తెలుసు.
ఈలలకి టెంటు గుంజలు ఊడతాయనుకున్నా.
మా ఊళ్ళో ఆగని రైలు
మా ఊరిని చూసే పోయిందన్నమాట!

మర్నాడు రెండాటలకీ అదే జనం.
డాక్యుమెంటరీ అవగానే సగంమంది ఇళ్ళకి పోయారు,
హీరో ఇంకా రానేలేదు.

మూడోరోజు పొద్దున్నే సింహాద్రి వచ్చాడు.
గేటు డ్యూటీ అతనిది.
ఆ రోజు చలిజ్వరంతో గేటుగదిలో పడున్నాడు.
జెండా రైల్వేవాళ్ళది, చెయ్యి పెళ్ళాంది.
పై ఆఫీసరెవరైనా చూస్తే ఉద్యోగం కాలవలోకే.
ఆపరేటరు జకరయ్యగారు మాట్లాడలేదు.
గడ్డం గీసుకునే బ్లేడు తీశారు.
నేను రీలు తిప్పాను.
ఆరడుగులు.

ఆ రాత్రినించీ రైలు
చెరుకుతోటలోంచి నేరుగా గోదారి వంతెన మీదికి దూకేది.
"ప్రగతిప" దగ్గర రేడియో గొంతుకి ఎక్కిళ్ళు.
డబ్బులు తిరిగిమ్మని గొడవ.

ముక్కని సిగరెట్టు డబ్బాలో చుట్టి
నేనే పట్టుకెళ్ళిచ్చాను.
ఎండకెత్తి చూసింది.
తొంభై ఆరు నూకరత్నాలు.
ఒక్కోదానికీ జెండా వెంట్రుకవాసి కదిలింది.
చాలాసేపు చూసి
"మరి రైలేదిరా?" అంది.

రైల్లోంచి తీసినదాన్లో రైలుండదని చెప్పడానికి
నాకప్పుడు పన్నెండేళ్ళు.

ఇంకోటి కూడా తెలీదు,
రేకుపెట్టె సర్ది నిడదవోలు బస్సు మీద పడేసినప్పుడు.
మేం కత్తిరించింది ఒక్క కాపీనే.
మిగతావి ఎన్ని హాళ్ళలో ఆడాయో,
ఏ పెద్ద ఊళ్ళో ఏ ఆఫీసరు
భార్యాబిడ్డల్తో మెత్తటి కుర్చీలో కూచుని చూశాడో.

మెమో మాత్రం రాలేదు.
ఎవరూ ఆవిణ్ణి చూడలేదో,
చూసి, అంతా సరిగానే ఉంది, రైలు పోవచ్చు
అనుకున్నారో.